కాయితానికి బ్రేకులుంటాయా?

మా నెల్లిమర్లలో పొద్దున్న ఎనిమిదింపావు అయిందంటే వీధి మలుపులో ఆటో హారను వినిపిస్తుంది. ఒక చేత్తో టిఫిను డబ్బా, ఇంకో చేత్తో జడ రిబ్బను పట్టుకుని పిల్లల వెనకాల పరుగెత్తే తల్లులం ఆ వీధిలో నాతో కలిపి ఆరుగురం. పిల్ల ఎక్కిందా, బ్యాగు లోపల పడిందా, చెయ్యి ఊపామా, అంతే. ఇక సాయంత్రం నాలుగున్నర దాకా ఆ ఆటో సంగతి మాకు గుర్తుకే రాదు. నాకయితే ఆఫీసుకి విజయనగరం బస్సు అందుకోవాలన్న హడావిడి ఒకటి.

అలాంటి ఆటో 2025 కార్తీకమాసంలో ఓ సాయంత్రం, రామతీర్థం రోడ్డు మలుపులో ఆగాల్సిన చోట ఆగలేదు. ఎదురుగా గేదె అడ్డం వచ్చింది. డ్రైవరు బ్రేకు తొక్కాడు. పెడలు కిందికంటా వెళ్లిపోయింది గానీ బండి ఆగలేదు. అతను బుద్ధిమంతుడు కాబట్టి, ఎవరో ఇల్లు కట్టుకుంటూ రోడ్డు పక్కన పోసిన ఇసక కుప్పలోకి పోనిచ్చాడు. లోపల తొమ్మిది మంది పిల్లలు. మా పక్కింటి బాబుకి గడ్డం దగ్గర మూడు కుట్లు పడ్డాయి. మా అమ్మాయి పలక పగిలింది. అంతకంటే ఏమీ కాలేదు. "దేవుడు చల్లగా చూశాడు" అని అందరం అనుకున్నాం. నేనూ అనుకున్నాను. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. దేవుడు చూశాడు సరే, అంతకు ముందు మనమెవరమైనా చూశామా అని.

చూడటం ఎంత తేలికో ఆ రాత్రే తెలిసింది. కేంద్ర ప్రభుత్వానిది ఎంపరివాహన్ అని ఒక యాప్ ఉంది. ఆటో వెనకాల ఉండే నంబరు అందులో కొడితే బండి పుట్టిన రోజు దగ్గర్నుంచి అన్నీ వస్తాయి. మా పిల్లల ఆటో ఇన్సూరెన్సు ఇంకా రెండు నెలలుంది. ఫిట్‌నెస్ గడువు మాత్రం నూట నలభై రోజుల కిందటే అయిపోయింది. అంటే వేసవి సెలవులయ్యి బడి తెరిచి కొద్దిరోజులు కాగానే ఆ కాయితం చచ్చిపోయింది. మేం నెలనెలా ఒకటో తారీకున డబ్బులిస్తూనే ఉన్నాం. ఎవరమూ అడగలేదు.

అసలీ కాయితం ఏమిటి?

ఫిట్‌నెస్ సర్టిఫికెట్టుని మన ఊళ్లలో ఎఫ్‌సీ అంటారు. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 56వ సెక్షను దీని గురించే. అద్దెకి తిరిగే ఏ బండికయినా, అంటే ఆటో, టాక్సీ, లారీ, బస్సు, స్కూలు బస్సు, వీటన్నిటికీ ఈ కాయితం ఉండాలి. లేకపోతే ఆ బండికి రిజిస్ట్రేషను ఉన్నా లేనట్టే లెక్క అని చట్టం చెబుతుంది. కొత్త బండికి మొదట రెండేళ్లకి ఇస్తారు. 2018లో నిబంధనలు మార్చాక, ఎనిమిదేళ్ల లోపు బండికి రెండేళ్లకోసారి, ఎనిమిదేళ్లు దాటిన బండికి ఏటేటా తీసుకోవాలి. మనిషికి వయసు మీద పడితే డాక్టరు దగ్గరికి తరచుగా వెళ్లాల్సి వచ్చినట్టే.

బండి వయసు కనిపెట్టడానికి మన జిల్లా వాళ్లకి ఒక చిన్న గుర్తు ఉంది. విజయనగరం జిల్లా పాత నంబర్లు ఏపీ 35తో మొదలవుతాయి. 2019 మొదట్లో రాష్ట్రమంతటికీ ఒకే కోడు అని ఏపీ 39 తెచ్చారు. కాబట్టి మీ పిల్ల ఎక్కే ఆటో మీద ఏపీ 35 అని ఉంటే అది అంతకు ముందు బండి. దానికి ఇప్పుడు ఎక్కువ సేవ కావాలి.

పరీక్షలో ఏం చూస్తారు? బ్రేకులు, స్టీరింగు, లైట్లు, హారను, టైర్లు, వైపరు, అద్దాలు, పొగ, వెనక మెరిసే రిఫ్లెక్టర్లు. మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టరు అని పెద్ద పేరున్నా, మన జనం ఆయన్ని 'బ్రేకు ఇన్‌స్పెక్టరు' అనే పిలుస్తారు. ఆ పేరు పెట్టిన మహానుభావుడెవరో గానీ అసలు సంగతి పట్టుకున్నాడు. అన్ని పరీక్షల్లోనూ ముందు నిలవాల్సింది బ్రేకే.

మరి మన స్కూటీల సంగతేమిటంటారా? అవి సొంత బళ్లు. వాటికి పదిహేనేళ్ల దాకా ఇలాంటి పరీక్షే లేదు. పదిహేనేళ్లయ్యాక రిజిస్ట్రేషను పొడిగించుకునేటప్పుడు చూస్తారు. ఆ తర్వాత అయిదేళ్లకోసారి. మధ్యలో మనం తీసుకునేది పొల్యూషను సర్టిఫికెట్టు ఒక్కటే. అది సైలెన్సరులోంచి వచ్చే పొగకి సంబంధించింది. బ్రేకు వైరు తెగడానికి సిద్ధంగా ఉన్నా పొగ బాగుంటే ఆ సర్టిఫికెట్టు వచ్చేస్తుంది. చాలామంది మన వాళ్లు "పొల్యూషను చేయించాం, బండి బాగుంది" అంటూంటారు. అది దగ్గుకి పరీక్ష చేయించుకుని గుండె బాగుందనుకోవడం లాంటిది.

ఆరుగురు తల్లుల కోపం

మర్నాడు ఉదయం ఆరుగురం మా గుమ్మంలో చేరాం. ఒకావిడ "వీడిని మాన్పించేద్దాం, ఇంకో ఆటో చూద్దాం" అంది. ఇంకో ఆటో నంబరు యాప్‌లో కొట్టాం. దానికీ లేదు. మూడోది చూశాం. దానికి ఫిట్‌నెస్ ఉంది గానీ ఇన్సూరెన్సు లేదు. అప్పుడు కోపం కాస్త చల్లారి ఆలోచన మొదలయింది.

డ్రైవరుని కూచోబెట్టి అడిగాం. మొదట తల వంచుకున్నాడు. తర్వాత అన్నాడు: "ఏటి సెయ్యమంతారప్పా? ఆగస్టు నుంచి ఆడోలంతా బస్సెక్కేస్తన్నారు. ఇజీనారం ట్రిప్పు ఏస్తే ముందు పది మందొచ్చేవోరు, ఇప్పుడు నలుగురొస్తే గొప్ప. సర్కారోలు ఇచ్చిన పదిహేనేలూ ఫైనాన్సోడు అట్నుంచటే పట్టుకెల్లిపోనాడు. కాయితానికెల్దారంటే ఆలీసెం అయినందుకు రోజుకింతని కట్టమంతారు. రోజు గడిస్తే ఇంకా పెరిగిపోతాది. బయమేసి ఎల్లనేదు."

అతను చెప్పిన ప్రతి మాట వెనకా ఒక ప్రభుత్వ నిర్ణయం ఉంది. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం కింద మన రాష్ట్రంలో ఆడవాళ్లకి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. నాలాంటి ఉద్యోగస్తురాలికి, కూలికెళ్లే అమ్మలకి, ఆసుపత్రికెళ్లే ముసలమ్మలకి అది ఎంత ఊరటో చెప్పక్కర్లేదు. ఆ మిగిలిన డబ్బుతో కూరల్లోకి నాలుగు రకాలు వస్తున్నాయి. కానీ ఆ ఊరట ఖరీదులో కొంత ఆటో మీద పడింది. అందుకే 2025 అక్టోబరు 4న 'ఆటో డ్రైవర్ల సేవలో' అని రాష్ట్ర ప్రభుత్వం సుమారు 2.9 లక్షల మందికి తలా 15,000 రూపాయలిచ్చింది. అంతకు ముందు ప్రభుత్వం 2019 అక్టోబరులో మొదలుపెట్టిన వాహనమిత్ర పథకంలో ఏడాదికి 10,000 ఇచ్చేవారు. అది ఇన్సూరెన్సు, ఎఫ్‌సీ, రిపేర్ల కోసమని చెప్పి మరీ ఇచ్చారు. కానీ ఇంట్లో కిస్తీ, కిరాణా బాకీ, పిల్ల జ్వరం ఉన్నప్పుడు చేతికొచ్చిన డబ్బు బ్రేకు షూస్ దాకా వెళుతుందా? వెళ్లదు. మన ఇళ్లల్లో మాత్రం వెళుతుందా? పంటి నొప్పికి దాచిన డబ్బు గ్యాసు బండకి పోలేదూ?

ఇక ఆలస్య రుసుము. 2016 డిసెంబరు చివర్లో కేంద్రం తెచ్చిన నిబంధన ప్రకారం ఫిట్‌నెస్ గడువు దాటాక రోజుకి 50 రూపాయలు. ఆ లెక్కన మా ఆటోకి నూట నలభై రోజులకి 7,000 రూపాయలు. బద్ధకస్తుణ్ణి దారికి తేవడానికి పెట్టిన రూలది. కానీ లేనివాడి విషయంలో అది తిరగబడింది. మొదటి వారం వెళ్లలేనివాడు నాలుగో నెలలో అసలు వెళ్లలేడు. భయంతో దాక్కుంటాడు. దాక్కున్న బండిలో మన పిల్లలుంటారు.

పేరు ఆమెది, భారం ఆమెకే

ఆ మాటల మధ్యలో ఇంకో సంగతి బయటపడింది. ఆటో అతని పేరున లేదు. భార్య పేరున ఉంది. సంఘంలో అప్పు తీసుకున్నప్పుడు ఆమె పేరునే కొన్నారట. ఇది మా వీధి కథ ఒక్కటే కాదు. పొదుపు సంఘం అప్పుతో, పెళ్లాం పుట్టింటి డబ్బుతో, పన్నుల సౌకర్యం అనీ, జాతకం కలిసొచ్చిందనీ ఆడవాళ్ల పేరున బళ్లు కొనడం మన వైపు మామూలే. సంతకం పెట్టమన్న చోట పెడతాం. ఆ సంతకం ఏం చేస్తుందో మనకెవరూ చెప్పరు.

చట్టం దృష్టిలో రిజిస్ట్రేషను పుస్తకంలో ఎవరి పేరుంటే వాళ్లే యజమాని. అమ్మేసినా సరే, పేరు మార్పించకపోతే ప్రమాదం జరిగినప్పుడు నష్టపరిహారం బాధ్యత ఆ పేరున్నవాళ్లదేనని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు నవీన్ కుమార్ కేసులో స్పష్టంగా చెప్పింది. దానికి తోడు ఎఫ్‌సీ లేకపోతే ఇంకో చిక్కు. ఇన్సూరెన్సు కట్టినా, ఫిట్‌నెస్ లేకుండా బండి తిప్పడం మూల షరతునే మీరడమని కేరళ హైకోర్టు ఫుల్ బెంచ్ 2018లో తీర్పిచ్చింది. అలాంటప్పుడు దెబ్బ తగిలిన వాళ్లకి కంపెనీ ముందు డబ్బిచ్చి, ఆనక యజమాని దగ్గర వసూలు చేసుకోవచ్చు. యజమాని అంటే ఎవరు? స్టీరింగు ఎన్నడూ పట్టని ఆ ఇల్లాలే.

ఆమెని పిలిచి ఈ సంగతులు చెప్పాం. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లిగా అంది: "నా పేరు మీదుందని తెలుసు గానండీ, నా నెత్తి మీదుందని తెలీదు." ఆ ఒక్క మాటా ఈ వ్యాసం రాయించింది.

మిషను చూసేది, మనిషి చూసేది

చివరికి మేం చేసిందేమిటంటే, ఆరు ఇళ్ల వాళ్లం రెండు నెలల డబ్బు ముందే ఇచ్చేశాం. చేతికివ్వలేదు. బ్రేకు సామాన్లకి షాపులో, మెకానిక్కుకి షెడ్డులో, రుసుము కట్టాల్సిన చోట రుసుము, ఇలా మేమే కట్టాం. పరీక్ష రోజున నేనూ, డ్రైవరు భార్యా కూడా వెళ్లాం. "ఆడోలు ఎందుకండీ అక్కడికి" అని డ్రైవరు మొహమాటపడ్డాడు. ఆ బండి యజమానురాలే ఆడమనిషి కదయ్యా అన్నాను.

ఇదివరకు ఈ పరీక్ష ఇన్‌స్పెక్టరు కంటితో చూసి, కాస్త నడిపి చూసి ఇచ్చేది. ఏజెంటు చేతిలో పెడితే బండి వెళ్లకుండానే కాయితం వచ్చేస్తుందన్న చెడ్డపేరు అప్పట్లోనే ఉంది. అందుకని 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించారు. 2021 సెప్టెంబరులో ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్లకి నిబంధనలు వచ్చాయి. గడువులు పెంచుకుంటూ పెంచుకుంటూ చివరికి 2024 అక్టోబరు 1 నుంచి, ఆ స్టేషన్లున్న చోట అద్దె బళ్ల పరీక్ష అక్కడే జరగాలన్నారు. మన రాష్ట్రంలోనూ జిల్లాల్లో ప్రైవేటు వాళ్ల చేతుల్లో ఇవి వచ్చాయి. రోలర్ల మీద చక్రాలెక్కించి బ్రేకు ఎంత పట్టుకుంటోందో మిషనే కొలుస్తుంది. పొగ, హెడ్‌లైటు కూడా మిషనే చూస్తుంది. ఒక మంచి షరతు కూడా పెట్టారు. పరీక్ష చేసేవాళ్లు రిపేర్లు చేయకూడదు, బళ్లు అమ్మకూడదు. జబ్బు చెప్పేవాడే మందు అమ్మితే లేని జబ్బులు పుట్టుకొస్తాయి కదా.

మా ఆటో మొదటిసారి తప్పింది. రెండు వెనక చక్రాల బ్రేకులూ సమానంగా పట్టడం లేదట. ఒకటి గట్టిగా, ఒకటి మెతగ్గా. అందుకే తొక్కినప్పుడు బండి ఒక పక్కకి లాగేది. "అవునండీ, లాగేది" అన్నాడు డ్రైవరు, నెలల తరబడి తెలిసిన సంగతి కొత్తగా విన్నట్టు. మళ్లీ షెడ్డుకి తీసుకెళ్లి సరిచేయించి, తిరిగి పరీక్షకి తెచ్చి నెగ్గించాం. కాయితం చేతికొచ్చినప్పుడు ఆ ఇల్లాలి మొహం చూడాలి, పిల్ల పదో తరగతి పాసయినట్టు.

అయితే ఆ షెడ్డు మెకానిక్కు చెప్పిన మాట నా ఉత్సాహం మీద కాస్త నీళ్లు చల్లింది. నలభై ఏళ్లుగా స్పానరు పట్టిన చెయ్యి అది. "పరీచ్చ రోజు మంచి టైర్లు ఏసుకెల్లి, ఎనక్కొచ్చాక ఇప్పేసే మారాజులున్నారమ్మా. కాయితం ఒక్క రోజుది. బ్రేకు రోజూదీ."

నిజమే కదా! 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో హైదరాబాదు నుంచి బెంగుళూరు వెళ్లే ప్రైవేటు బస్సు తగలబడి పందొమ్మిది మంది ప్రయాణికులు నిద్రలోనే కాలిపోయారు. ఆ బస్సుకి ఫిట్‌నెస్ ఉన్నట్టే రికార్డుల్లో ఉంది. కాయితం లేకపోవడం ఎంత తప్పో, కాయితం ఉంది కదా అని కళ్లు మూసుకోవడం కూడా అంతే తప్పు. కాయితం ఒక ఫోటో లాంటిది. ఫోటో తీసిన రోజున నవ్వుతున్నామంటే ఏడాదంతా నవ్వుతున్నట్టా?

పై దేశాల్లో ఏం చేస్తున్నారు?

మా చిన్నాన్న కూతురు అమెరికాలో పెన్సిల్వేనియాలో ఉంటోంది. అక్కడ సొంత కారుకి కూడా ఏటా పరీక్ష తప్పదు. దానికి పెద్ద ఆఫీసుకి పోనక్కర్లేదు. వీధి చివర గ్యారేజీలో, ప్రభుత్వం దగ్గర సర్టిఫికెట్టు పొందిన మెకానిక్కు చూసి అద్దం మీద స్టిక్కరు అంటిస్తాడు. తప్పుడు స్టిక్కరిస్తే అతని అనుమతికే ఎసరు. ఇంగ్లండులో 1960లోనే ఎమ్ఓటీ అని ఇలాంటి పరీక్ష మొదలుపెట్టారు. అప్పట్లో పదేళ్లు దాటిన కార్లకే. కొన్నేళ్లకే దాన్ని మూడేళ్లకి దించారు. జపాన్‌లో కొత్త కారుకి మూడేళ్లకి, తర్వాత రెండేళ్లకోసారి.

అలాగని అంతా అటే నడుస్తున్నారనుకోకండి. మన తెలుగువాళ్లు బోలెడు మంది ఉన్న టెక్సస్‌లో 2025 జనవరి 1 నుంచి సొంత కార్లకి ఈ భద్రతా పరీక్షే ఎత్తేశారు. జనానికి టైము దండగ, డబ్బు దండగ అన్నారు. కొన్ని జిల్లాల్లో పొగ పరీక్ష మాత్రం ఉంచారు. గ్యారేజీవాడే పరీక్షించి గ్యారేజీవాడే రిపేరు చేసే పద్ధతిలో లేని లోపాలు చూపించి డబ్బు గుంజుతారన్న అనుమానం ఎక్కడయినా ఉండేదే. అందుకే మన నిబంధనల్లో రెండింటినీ విడదీశారు.

నాకు తోచిందేమిటంటే, మనకి రెండూ కావాలి. ఏడాదికోసారి మిషను చూడాలి. మధ్యలో మూడు నెలలకోసారి మనిషి చూడాలి. మన నెల్లిమర్ల లాంటి ఊళ్లో ఐటీఐలో మోటారు మెకానిక్కు కోర్సు చదివిన కుర్రాళ్లున్నారు, అనుభవమున్న షెడ్డు మేస్త్రులున్నారు. వాళ్లలో అర్హులకి చిన్న లైసెన్సులాంటిదిచ్చి, పిల్లల్ని తిప్పే ఆటోల బ్రేకు, టైరు, లైటు చూసి ఒక కార్డు మీద తారీకు వేసి సంతకం పెట్టమంటే ఎంత ఖర్చు? పరీక్షా కేంద్రం ఊరికి దూరం. షెడ్డు వీధి చివరే ఉంది. ప్రభుత్వమిచ్చే పదిహేను వేలల్లో కొంత నేరుగా ఆ కార్డుకే వెళ్లేలా కూపనుగా ఇస్తే, అది కిరాణా కొట్టుకీ పోదు, ఫైనాన్సువాడికీ పోదు.

కానీ జరుగుతున్నది వేరు. 2025 నవంబరులో కేంద్రం పాత బళ్ల ఫిట్‌నెస్ రుసుముల్ని బాగా పెంచుతూ నోటిఫికేషను ఇచ్చింది. ఇరవై ఏళ్లు దాటిన ఆటోలకి 7,000, భారీ లారీలకి 25,000 రూపాయలు. మన రాష్ట్రంలోనూ లారీల వాళ్లు గగ్గోలు పెట్టారు. పాత బండిని రోడ్డు మీంచి తప్పించాలన్న ఉద్దేశం మంచిదే. పొగ తగ్గుతుంది, ప్రమాదం తగ్గుతుంది. కానీ రుసుము పెంచితే ముసలి బండి ఇంట్లో కూర్చుంటుందా, లేక కాయితం లేకుండా పల్లె దారులు పడుతుందా? మా ఆటో కథ చూశాక నాకు రెండోదే నిజమనిపిస్తోంది. ఆ పల్లె దారుల్లో ఆ బండి ఎక్కేదెవరు? నాట్లకి వెళ్లే కూలి తల్లులు, కాలేజీ ఆడపిల్లలు, తీర్థానికి వెళ్లే ముసలమ్మలు.

జూన్‌లో హడావిడి, జూలైలో నిద్ర

స్కూలు బస్సుల విషయంలో మన రాష్ట్రంలో ఒక మంచి పద్ధతి ఉంది. ప్రతి ఏటా మే 15తో వాటి ఫిట్‌నెస్ గడువు అయిపోతుంది. సెలవుల్లో బాగుచేయించి, పరీక్షకి పెట్టి, బడి తెరిచేలోగా కొత్త కాయితం తెచ్చుకోవాలి. పదిహేనేళ్లు దాటిన బస్సు పిల్లల్ని తిప్పకూడదు. డ్రైవరుకి కనీసం అయిదేళ్ల అనుభవముండాలి, అరవై ఏళ్లు దాటకూడదు. అత్యవసర ద్వారం, మంటలార్పే సిలిండరు, ఫస్ట్ ఎయిడ్ పెట్టె ఉండాలి. జూన్ రెండో వారంలో అధికార్లు రోడ్డు మీద నిలబడి తనిఖీ చేస్తారు. పేపర్లలో ఫోటోలొస్తాయి. జూలైకి అంతా మామూలే.

ఆ బస్సు ఫీజు కట్టలేని ఇళ్ల పిల్లలే ఆటోలెక్కేది. వాళ్ల ఆటోలకి మే 15 లేదు, జూన్ తనిఖీ లేదు. బడి వాళ్లనడిగితే "అది తల్లిదండ్రులు మాట్లాడుకున్న ఆటో, మాకు సంబంధం లేదు" అంటారు. నిజానికి బడి గేటు ముందు ఆగే ప్రతి ఆటో నంబరూ ఒక రిజిస్టరులో రాసుకుని, ఎఫ్‌సీ గడువు తారీకు పక్కన వేసుకోవడానికి ఒక గుమాస్తాకి ఒక పూట పని. అది అడగాల్సింది మనమే. తల్లిదండ్రుల మీటింగులో మార్కుల గురించి గంట సేపు అడుగుతాం. బండి గురించి ఒక్క నిమిషం అడగమా?

మన తప్పు కూడా ఒప్పుకోవాలి. మా ఆటోలో తొమ్మిది మంది పిల్లలున్నారని చెప్పాను కదా. ఆ తొమ్మిది మందినీ ఎక్కించింది డ్రైవరు ఒక్కడే కాదు. "నెలకి వంద తగ్గించు, ఇంకో పిల్లని మాట్లాడి పెడతాం" అన్నది మేమే. వంద రూపాయలు తగ్గాయని మురిసిపోయాం. ఆ వంద ఎక్కడ నుంచి తగ్గిందో ఇసక కుప్ప చెప్పింది.

మనం చేయగలిగినవి

పిల్ల ఎక్కే ఆటో, బస్సు నంబరు రాసుకుని ఎంపరివాహన్‌లో చూడండి. ఫిట్‌నెస్, ఇన్సూరెన్సు, రెండు తారీకులూ క్యాలెండరు మీద పాల లెక్క పక్కనే రాసుకోండి. గడువుకి నెల ముందే డ్రైవరుకి గుర్తుచేస్తే రోజుకి యాభై అన్న భయం ఉండదు.

మీ పేరున ఏదైనా బండి ఉందేమో ఈ రోజే ఇంట్లో అడగండి. ఉంటే కాయితాలన్నీ చూడండి. అమ్మేసిన బండి అయితే పేరు మారిందో లేదో చూసుకోండి. సంతకం మనదైనప్పుడు అడిగే హక్కూ మనదే.

మీ స్కూటీని ఆరు నెలలకోసారి మెకానిక్కుకి చూపించండి. "సర్వీసింగు చెయ్యి" అని వదిలెయ్యకుండా "బ్రేకు షూస్ తీసి చూపించు" అనండి. మనకి తెలియదని అనుకుంటే మనకి చూపించరు. టైరు గాడులు అరిగి నున్నగా అయితే మార్చమనండి.

వీధిలో నలుగురు తల్లులు కలిస్తే డ్రైవరుని తిట్టడం తేలిక. బాగుచేయించడం కూడా అంతే తేలికని మాకు తెలిసొచ్చింది. అతన్ని మాన్పించి ఉంటే ఆ బండి ఇంకో వీధికి, ఇంకెవరి పిల్లల దగ్గరికో వెళ్లేది.

ఇప్పుడు మా ఆటోలో ఆరుగురే పిల్లలు. నెలకి నూట యాభై ఎక్కువ కడుతున్నాం. డ్రైవరు భార్య ప్రతి నెలా మొదటి ఆదివారం బండిని షెడ్డుకి తోలిస్తోంది. పోయిన నెల మెకానిక్కు బ్రేకు సరిచేస్తుంటే దగ్గర నిలబడి చూసిందట. "ఏటమ్మా, నువ్వు కూడా నేర్సుకుంతావా?" అని అతను నవ్వితే, "నా పేరు మీద బండి, నాను సూడకపోతే ఎవులు సూత్తారు?" అందట.

పొద్దున్న ఎనిమిదింపావుకి హారను వినిపిస్తే ఇప్పుడు నేను చెయ్యి ఊపే ముందు ఒకసారి వంగి టైర్లకేసి చూస్తాను. మా అమ్మాయికి అది సిగ్గుగా ఉంటుందట. "అమ్మా, అందరూ చూస్తున్నారు" అంటుంది. చూడనీ అంటాను.